షట్టర్ దించాక చెత్త ఎటు పోతుంది?

తెనాలి బోసు రోడ్డులో రాత్రి కొట్లు కట్టేసే వేళకు షట్టర్ల ముందు చిన్న చిన్న గుట్టలు తేలతాయి. బట్టల కొట్టు ముందు అట్టపెట్టెలు, పల్చటి కవర్లు. మందుల షాపు ముందు ఖాళీ డబ్బాలు. టిఫిన్ సెంటర్ ముందు విస్తళ్లు, చట్నీ అంటిన కాగితాలు. బాపట్లలోనైనా రేపల్లెలోనైనా ఇదే వరస. పొద్దున వచ్చి చూస్తే ఏమీ ఉండవు. ఆ గుట్టకు రెండు దారులు. పాత ఇనప సామాన్ల కొట్టుకు చేరితే కిలో లెక్కన డబ్బు వస్తుంది. మున్సిపాలిటీ ఆటోలో పడితే దాన్ని మోయడానికీ, పూడ్చడానికీ, కాల్చడానికీ డబ్బు పోతుంది. ఏ దారి పట్టాలన్నది చాలావరకు షట్టర్ పడకముందే, కొట్టు లోపలే తేలిపోతుంది. ఆ వెనక కథల్లో కొన్ని ఇవి.

అట్టపెట్టె ఆయుష్షు

అట్టపెట్టె అంటే చెట్టు నార. పాత అట్టను నీళ్లలో నానబెట్టి, గిలక్కొట్టి గుజ్జు చేసి మళ్లీ అట్ట పోస్తారు. పోసిన ప్రతిసారీ నార కొంచెం పొట్టిదవుతుంది. సుమారు అయిదు నుంచి ఏడు సార్లు ఇలా నడుస్తుంది. ఆ తరవాత పట్టు చాలక నీళ్లతో పాటు జల్లెడలోంచి జారిపోతుంది. ఇవాళ సబ్బులు వచ్చిన పెట్టె కిందటేడు టీవీ వచ్చిన పెట్టె అయ్యుండొచ్చు. అంతకుముందు ఇంకేదో.

అట్టకు ఇద్దరు శత్రువులు. వానలో తడిస్తే కాటా దగ్గర తరుగు తీస్తారు, అది వ్యాపారికి నష్టం. నూనె అంటితే మిల్లుకే నష్టం. నూనె నీళ్లలో కరగదు, గుజ్జులోంచి పోదు, కొత్త అట్ట మీద మచ్చలై తేలుతుంది. నూనె కారే బజ్జీల పొట్లం అట్టల కట్టలో దూరిస్తే బరువు పెరుగుతుందేమో గానీ సరుకు చెడుతుంది.

కార్డు గీకినప్పుడు మిషన్లోంచి వచ్చే మెత్తటి బిల్లు కాగితం కూడా పాత కాగితాల్లో వేయకూడనిదే. దాని మీద సిరా ఉండదు. వేడి తగిలితే నల్లబడే రసాయనపు పూత ఉంటుంది. ఆ పూతలో తరచు వాడే బిస్ఫినాల్ రకాలు గుజ్జులో కలిసి, తరవాత తయారయ్యే కాగితంలోకీ వెళ్తాయి. గోరుతో గీసి చూడండి: నల్లటి గీత పడితే అది ఆ రకమే.

డెబ్బై అయిదు వేల నట్లు

తెనాలి తుక్కు గురించి దేశమంతా మాట్లాడుకున్న సందర్భం ఒకటుంది. ఇక్కడి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత ఇనప సామానుతో విగ్రహాలు చేస్తారు. దాదాపు 75,000 నట్లను ఒకదానికొకటి అతికి 10 అడుగుల గాంధీ విగ్రహం నిలబెట్టారు. 2021లో ప్రధాని మోదీ విగ్రహాన్ని 14 అడుగుల ఎత్తున తయారు చేశారు. అందులో సైకిల్ గొలుసులు, గేర్ చక్రాలు, నట్లు, బోల్టులు, ఇనప కడ్డీలు ఉన్నాయి. తెనాలి ఎప్పటి నుంచో శిల్పుల ఊరు. ఆంధ్ర దేశంలో చాలా కూడళ్లలో నిలబడ్డ విగ్రహాలు ఇక్కడ పోసినవే. కంచు పోసిన చేతులే తుక్కును ఎంచుకోవడం నాకు గొప్పగా అనిపిస్తుంది. మెకానిక్ షెడ్డు నేల మీద నూనెలో నానుతూ పడివున్న అరిగిన నట్టులో గాంధీగారి భుజపు వంపు కనపడాలంటే కన్ను ఎంత సాధన చేసి ఉండాలి!

విగ్రహం కాని ఇనుము సంగతేమిటి? పాత సామాన్ల కొట్లో ముందు దాన్ని జాతుల వారీగా విడదీస్తారు. రేకు వేరు, మందపు ఇనుము వేరు, పోత ఇనుము వేరు. అయస్కాంతం పెడితే అంటుకోనిదాన్ని ఇంకో పక్కకు తోస్తారు, దాని ధర వేరే. విడదీసిన ఇనుము లారీల్లో ఇండక్షన్ ఫర్నేసులకు వెళ్తుంది. అక్కడ సుమారు 1,600 డిగ్రీల దగ్గర కరిగి, దిమ్మెలై, ఇంటి శ్లాబులో వేసే కడ్డీలై తిరిగి వస్తుంది. ఇనుముకు కాగితంలా ఆయుష్షు తరగదు, ఎన్నిసార్లయినా కరగొచ్చు. అల్యూమినియం ఇంకా మేలు: ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో 5 శాతంతోనే పాత డబ్బా కొత్త లోహమవుతుంది.

రాగి తీగ దగ్గర మాత్రం బాధ కలుగుతుంది. పై తొడుగు ఒలిచే ఓపిక లేక కొందరు తీగల చుట్టలను కాలవ గట్టున కాలుస్తారు. ఆ తొడుగు పీవీసీ. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు, డయాక్సిన్లు వస్తాయి. పైగా కాలిన రాగి నల్లబడి ధర తగ్గుతుంది. ఒలిచిన తీగకే ఎక్కువ పలుకుతుంది.

ఊక, తవుడు, పొట్టు

తెనాలి, బాపట్ల, రేపల్లె పరిసరాల్లో ఏ మిల్లులోనూ వృథాగా పోనివి ఇవి.

సాంబ మసూరి బియ్యం బాపట్ల పరిశోధనల్లో పుట్టి 1986లో విడుదలైంది. దాని అసలు పేరు బీపీటీ 5204. అందులో బీపీటీ అంటే బాపట్లే. ఆ వడ్లు 100 కిలోలు మర పడితే దగ్గర దగ్గర 20 కిలోల ఊక, అయిదు నుంచి ఎనిమిది కిలోల తవుడు విడిపోతాయి. ఊక బాయిలర్లలోకీ, ఇటుక బట్టీలకీ పోతుంది. ఊక కాలిన బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికా ఉంటుంది. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు చల్లారకుండా పైన దుప్పటిలా కప్పేది ఈ బూడిదనే. వరిచేను గాలికీ పురుగుకూ తట్టుకోవడానికి నేలలోంచి లాక్కున్న సిలికా చివరికి ఉక్కు కొలిమిలో కాపలా కాస్తుందన్నమాట.

తవుడు కథ పరుగు పందెం. గింజ లోపల ఉన్నంతకాలం నూనె ఒక అరలో, దాన్ని విరగ్గొట్టే లైపేజ్ అనే ఎంజైము మరో అరలో ఉంటాయి. మర పట్టగానే రెండూ కలుస్తాయి. గంటలు గడిచే కొద్దీ నూనె పుల్లబడుతుంది. అందుకే తవుడును త్వరగా వేడి చేసి ఎంజైమును చంపాలి, లేదా వెంటనే నూనె మిల్లుకు తోలాలి. ఆలస్యమైతే తినే నూనె కావలసింది సబ్బుల నూనెగా మిగులుతుంది. తవుడులో నూనె 15 నుంచి 20 శాతం. నూనె తీసేశాక మిగిలిన పిండి మన కోస్తాలో చేపల చెరువులకు మేత. చెరువు గట్టు మీద కొయ్యలకు సంచులు వేలాడగట్టి ఉండటం రేపల్లె వైపు వెళ్లిన వాళ్లు చూసే ఉంటారు. సంచికి అడుగున చిన్న బెజ్జాలు ఉంటాయి, చేప వచ్చి పొడుచుకు తింటుంది. వడ్లమిల్లులో మిగిలినది చేపల పులుసుగా మన కంచంలోకే వస్తోంది.

తెనాలి డబుల్ హార్స్ మినపగుళ్లు తెలియని తెలుగు వంటిల్లు తక్కువ. గుళ్లు తెల్లగా రావాలంటే నల్లటి పొట్టు పోవాలి. ఆ పొట్టు పశువుల దాణాలోకి వెళ్తుంది.

ఇక గోనె సంచి. ఒకసారి వాడిన సంచికి సొంత బజారే ఉంది. చిరుగు కుట్టి, దులిపి, మళ్లీ అమ్ముతారు. ధాన్యం సేకరణ రోజుల్లో కొత్త సంచులకు కరువొస్తే ఈ పాతవే దిక్కు.

రొయ్య తలకాయ విలువ

రేపల్లెకు దిగువన నిజాంపట్నం రేవు, చుట్టూ రొయ్యల చెరువులు. రొయ్యకు తల తీసి పొట్టు ఒలిస్తే బరువులో దాదాపు సగం పక్కకు పోతుంది. ఎండకు రెండు గంటలు వదిలితే ఆ వాసనకు ఎవరూ దగ్గర నిలవలేరు. కానీ ఆ పొట్టులో కైటిన్ అనే పదార్థం ఉంది. దీన్ని మొదట పుట్టగొడుగుల్లో 1811లో కనిపెట్టింది ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రాకొనో. పొట్టును ఆమ్లంలో వేస్తే సున్నం పోతుంది, క్షారంలో వేస్తే మాంసకృత్తులు పోతాయి, మిగిలేది కైటిన్. దాన్ని ఇంకా గాఢమైన క్షారంలో ఉడికిస్తే కైటోసాన్ అవుతుంది. కైటోసాన్‌ను రక్తం ఆపే గాయాల కట్లలోనూ, నీటిని శుద్ధి చేయడంలోనూ, పైర్ల మీద చల్లే మందుల్లోనూ వాడతారు. మోకాళ్ల నొప్పులకు వేసుకునే గ్లూకోజమైన్ బిళ్లలు కూడా చాలావరకు ఈ పొట్టు సంతానమే. అందుకే ఆ డబ్బా మీద రొయ్య, పీత పడనివారు జాగ్రత్త అని రాసి ఉంటుంది.

చేపలకు ఐసు పెట్టే తెల్లటి థర్మాకోల్ పెట్టెలో 98 శాతం గాలే. లారీ నిండినా తూకం ఉండదు, అందుకే పాత సామాన్లవాళ్లు ముట్టుకోరు. యంత్రంతో నొక్కి గాలి తీసేస్తే గట్టి దిమ్మె అవుతుంది. ఆ దిమ్మెను కరగబెట్టి ఫొటో ఫ్రేముల పట్టీలు పోస్తారు. గోడ మీద బంగారు రంగు పూసి చెక్కలా కనిపించే ఫ్రేము ఒకనాటి చేపల పెట్టె కావచ్చు.

చిరిగిన నైలాన్ వల పెరట్లో కోళ్లకు కంచె అవుతుంది, కాకరపాదుకు పందిరి అవుతుంది. సముద్రంలో వదిలేస్తే మాత్రం అది వేట ఆపదు, ఏళ్ల తరబడి చేపల్నీ తాబేళ్లనూ పట్టి చంపుతూనే ఉంటుంది. మన బాపట్ల తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు ఇది నిజమైన ముప్పు. వల తిరిగి గట్టెక్కించడం మన చేతుల్లో పని.

బజ్జీల నూనె బండి నడుపుతుంది

మళ్లీ మళ్లీ మరిగిన నూనెలో పోలార్ పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనెతో వండకూడదని ఆహార భద్రతా సంస్థ పెట్టిన నిబంధన 2018 జులై నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది ఆగస్టులో ఆ నూనెను సేకరించి బయోడీజిల్ చేయించే పథకం మొదలైంది. నూనెకు మిథనాల్, కొంచెం క్షారం కలిపితే రెండు పొరలుగా విడిపోతుంది. పైన తేలేది బయోడీజిల్, కింద దిగేది గ్లిజరిన్. మురిక్కాలవలో పోసిన నూనె గడ్డకట్టి తూము మూస్తుంది. చిన్న బండికి తక్కువకు అమ్మిన నూనె మళ్లీ మన పొట్టలోకే వస్తుంది. హోటల్ వాళ్లు పాత నూనె డబ్బాను ఎవరికి ఇస్తున్నారో అడగడం కొనుక్కు తినేవాళ్ల హక్కు.

మెకానిక్ షెడ్డులో దించిన నల్లాయిల్ దారి వేరు. చాలాచోట్ల సెంట్రింగ్ చెక్కలకు పూస్తారు, కాంక్రీటు అంటుకోకుండా. చట్టం ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. శుద్ధి చేస్తే తిరిగి ఇంజనాయిలే అవుతుంది.

ఆసుపత్రి సంచుల రంగులు

ఆసుపత్రి వ్యర్థాలు ఊరి చెత్తలో కలవకూడదు. 2016 నిబంధనల ప్రకారం పసుపు సంచిలోది కాల్చడానికి. ఎరుపు సంచిలోని సెలైన్ గొట్టాలు, సూది తీసేసిన సిరంజిలు ఆవిరి యంత్రంలో క్రిములు చచ్చేలా ఉడికి, ముక్కలై, ప్లాస్టిక్ తయారీకి పోతాయి. సూదులు తెల్ల డబ్బాలోకి, గాజు నీలం పెట్టెలోకి. సంచి మీద బార్ కోడ్ ఉండాలి, 48 గంటలు దాటి నిలవ ఉంచకూడదు. ఈ వరస తప్పి ఒక్క సూది మామూలు చెత్తలో పడితే గుచ్చుకునేది బండి దగ్గర చేత్తో ఏరే మనిషికే.

కలిసిపోయిన చెత్త

ఎవరూ కొననిది, విడదీయనిది మున్సిపాలిటీ బండెక్కుతుంది. పల్నాడు జిల్లాలో కొండవీడు దగ్గర 15 మెగావాట్ల చెత్త విద్యుత్ కేంద్రం 2022లో మొదలైంది. జిందాల్ సంస్థ నిర్మించింది. విజయవాడ, గుంటూరుతో పాటు చెత్త పంపేందుకు ఎంచుకున్న పట్టణాల్లో తెనాలి కూడా ఉంది.

చెత్తతో కరెంటు అనగానే అగ్గిపుల్ల గీస్తే సరిపోతుందనుకుంటాం. మన చెత్తలో సగానికి సగం తడి. అరటి తొక్కలు, అన్నం, కూరగాయల తుక్కు. తడి పొయ్యి ఎంత మండుతుంది? అందుకే ఇలాంటి కేంద్రాల్లో చెత్తను లోతైన గోతిలో కొన్ని రోజులు మగ్గబెట్టి, నీరు కారనిచ్చి, క్రేను గోళ్లతో కలియబెట్టి అప్పుడు పొయ్యిలో పోస్తారు. పొగ కనీసం 850 డిగ్రీల దగ్గర రెండు సెకన్లు నిలవాలి, లేదంటే డయాక్సిన్లు చావవు. కాలిన తరవాత కూడా బరువులో అయిదో వంతు వరకు బూడిదగా మిగులుతుంది, దానికీ చోటు కావాలి. ఇడ్లీ కొట్టువాడు తడి చెత్త వేరు పెడితే కరెంటుకు మేలు, ఎరువుకూ మేలు.

కాలే గుణమున్న పొడి చెత్తకు ఇంకో గమ్యం ఉంది. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు కిలోకు 1,500 కిలోకేలరీలు, అంతకు మించి వేడినిచ్చే చెత్తను పూడ్చకూడదన్నాయి. అలాంటి చెత్తతో ఇంధనం తయారుచేసే కేంద్రానికి 100 కిలోమీటర్ల లోపున్న పరిశ్రమలు తమ ఇంధనంలో కనీసం 5 శాతం దాన్నే వాడాలన్నాయి. దాచేపల్లి, పిడుగురాళ్ల చుట్టూ ఉన్నటువంటి సిమెంటు బట్టీలు దీనికి అనువైనవి. బట్టీలో సున్నపురాయి 1,450 డిగ్రీల దాకా కాగుతుంది. చెత్త కాలిన బూడిద విడిగా మిగలదు, సిమెంటులోనే కలిసిపోతుంది.

ఆ బట్టీలకు పడనిది ఫ్లెక్సీ. పుట్టినరోజు శుభాకాంక్షలు, వర్ధంతి నివాళులు అన్నీ పీవీసీ గుడ్డ మీదే. దానిలోని క్లోరిన్ బట్టీ గొట్టాల్లో గడ్డకడుతుంది. పొలాల్లో గడ్డివాముల మీద, పాకల మీద కప్పిన పాత ఫ్లెక్సీలు చూశారా? నా లెక్కన వాటికి అంతకు మంచి రెండో బతుకు లేదు.

పాత చెత్త కుప్పల లెక్క చిన్నదేమీ కాదు. రాష్ట్ర ప్రభుత్వం 2024లో చెప్పిన అంకె 85 లక్షల టన్నులు. అప్పుడే విడదీసి ఉంటే కాగితమై, ఎరువై పోవలసినవి ఏళ్ల తరవాత తవ్వి, పెద్ద గొట్టపు జల్లెడల్లో తిప్పి విడదీయాల్సి వచ్చింది.

చిల్లర విశేషాలు

తెనాలి నిమ్మకాయల మార్కెట్ పేరున్నది. కుళ్లిన నిమ్మకాయలను మాత్రం బయోగ్యాస్ తొట్టిలో ఎక్కువగా వేయకూడదు. తొక్కలోని లిమొనీన్, పులుపు కలిసి గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులను మందగింపజేస్తాయి. కొద్దికొద్దిగా, పేడతో కలిపి వేయాలి.

రోజుకు 100 కిలోలకు మించి చెత్త వచ్చే హోటళ్లు, కల్యాణ మండపాలను 2016 ఘన వ్యర్థాల నిబంధనలు పెద్ద ఉత్పత్తిదారులుగా లెక్కించాయి. తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాసుగానో మార్చుకోవడం వాళ్ల బాధ్యత అన్నాయి.

2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో ఇళ్లకూ కొట్లకూ చెత్త సేకరణ రుసుము వచ్చింది. జనం దాన్ని చెత్త పన్ను అన్నారు. 2024 చివరితో అది రద్దయింది. పన్ను పోయినా ఖర్చు పోలేదు, మరో పద్దులోకి మారింది.

పాత పట్టుచీరలు కొంటామని వచ్చేవాళ్లకు కావలసింది పట్టు కాదు. అసలైన జరీలో వెండి తీగ ఉంటుంది, పైన బంగారు పూత. అంచు కాల్చి, కరిగించి వెండి తీస్తారు. బంగారు నగల పని జరిగే గదుల ఊడ్పు దుమ్ముకూ బేరం ఉంటుంది, రాపిడికి రాలిన రజను అందులోనే ఉంటుంది కాబట్టి.

నీళ్ల సీసాను ముక్కలు చేసి తొట్టిలో వేస్తే సీసా ముక్కలు మునుగుతాయి, మూత ముక్కలు తేలతాయి. సీసా పెట్ ప్లాస్టిక్, నీటికంటే బరువు. మూత తేలిక రకం. రెండింటినీ విడదీయడానికి నీళ్లు చాలు. మునిగిన ముక్కలు కడిగి, కరగబెట్టి నూలుగా లాగుతారు. మెత్తటి దిండులోని దూదిలాంటి పీచు చాలాసార్లు అదే.

ఈ విడదీసే పని చేసేవాళ్లకు చేతి తొడుగులు, మాస్కు, బూట్లు, వానకోటు ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో రాశారు. మన వీధికి వచ్చే మనిషికి అవి ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మున్సిపాలిటీని అడగండి. పగిలిన గాజును కాగితంలో చుట్టి, పైన గుర్తు పెట్టి విడిగా చేతికివ్వండి.

టీ కొట్టువాళ్లకు ఒక మాట. పాల ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించి పారేస్తే ఆ గోరంత ముక్కను ఏరేవాళ్లు ఉండరు, తూకానికి రాదు, కాలవలోకి పోతుంది. సగం కోసి, ముక్క వేలాడుతుండగానే పాలు పోసుకుని, ప్యాకెట్ కడిగి ఆరబెడితే మొత్తం కాటా ఎక్కుతుంది.